నల్లజాతి అబ్బాయి మగవాడిగా ఎదగడం: అమెరికాలో అది ఎందుకంత కష్టం?

క్లుప్తంగా: అమెరికాలో నల్లజాతి అబ్బాయిని పదేళ్లు దాటగానే పెద్దవాడిగా చూసి అనుమానిస్తారు. నిజంగా పెద్దవాడయ్యాక ఉద్యోగం, గౌరవం, కుటుంబాన్ని పోషించే స్తోమత మాత్రం అంత తేలిగ్గా అందనివ్వరు. వీధిలో కనిపించే మొండితనంలో చాలా భాగం ఈ రెండింటి మధ్య చిక్కుకున్న పిల్లల ఆత్మరక్షణే. మగవాడంటే ఎవరో చెప్పమని నల్లజాతి పురుషులనే అడిగితే ముందు వచ్చే జవాబు 'బాధ్యత మోసేవాడు'. ఆ బాధ్యతను నేర్పే పెద్దలు దగ్గరున్న చోట పిల్లల జీవితాలు మారుతున్నాయని పరిశోధనలు చూపిస్తున్నాయి.

అమెరికా నుంచి నల్లజాతి కుర్రాడి గురించి ఏ వార్త వచ్చినా, అది పోలీసు కాల్పులైనా ముఠా హత్యయినా, వెంటనే రెండు వాదనలు మొదలవుతాయి. తండ్రి లేని ఇళ్లలో పెరిగి చెడిపోతున్నారని ఒక వర్గం అంటుంది. అంతా జాతివివక్షేనని, ఇంకేమీ మాట్లాడనక్కర్లేదని మరో వర్గం అంటుంది. ఈ రెండు వాదనల్లోనూ ఆ కుర్రాడు కనిపించడు. మగవాడు అనిపించుకోవడమంటే అతని దృష్టిలో ఏమిటి, దాన్ని ఎవరిని చూసి నేర్చుకుంటున్నాడు, అందుకోబోతే ఏది అడ్డొస్తోంది అన్న ప్రశ్నలు అడిగితే తప్ప విషయం అర్థం కాదు. సమాజశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం గత నలభై ఏళ్లుగా వీటి మీద చాలా పని చేశాయి. ఆ పనిలో తేలినవి పై రెండు వాదనల కంటే క్లిష్టమైనవి, ఎక్కువ ఉపయోగపడేవి కూడా.

మెంఫిస్ ప్లకార్డు

1968 ఫిబ్రవరి 1న టెనెసీ రాష్ట్రం మెంఫిస్‌లో వాన పడుతుండగా ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులు చెత్త లారీ వెనక భాగంలో తలదాచుకున్నారు. లారీలోని చెత్తను నొక్కే యంత్రం ఉన్నట్టుండి కదిలి ఇద్దరినీ నలిపేసింది. అదే నెల 12 నుంచి దాదాపు 1,300 మంది కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్లు మెడలో వేసుకున్న ప్లకార్డుల మీద 'ఐ యామ్ ఎ మ్యాన్' అన్న ఒకే ఒక్క వాక్యం ఉండేది. ఆ సమ్మెకు మద్దతుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న అదే ఊళ్లో హత్యకు గురయ్యారు.

జీతాల కోసం, భద్రత కోసం చేసిన సమ్మెలో ఆ వాక్యం ఎందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. దక్షిణాది రాష్ట్రాల్లో అరవై ఏళ్ల నల్లజాతి మనిషిని కూడా తెల్లవారు 'బాయ్' అనే పిలిచేవారు. అవతలివాడు ఇంటి యజమాని కావచ్చు, మనవలున్నవాడు కావచ్చు, ఆ పిలుపు మాత్రం మారేది కాదు. తన తండ్రి వయసున్న పాలేరును పెత్తందారు ఇంటి పిల్లవాడు 'ఒరే' అని పిలవడం తెలుగు పల్లెలు ఎరిగినదే, కాబట్టి ఆ పిలుపు ఏం చేస్తుందో మన పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. వయసు వచ్చినా పెద్దరికం రానివ్వకపోవడం దాని పని.

బానిసత్వ కాలంలో ఇది ఇంకా దారుణంగా ఉండేది. భార్యకూ పిల్లలకూ రక్షణగా నిలబడే హక్కు బానిసకు లేదు. కొడుకును అమ్మేస్తుంటే తండ్రి చూస్తూ నిలబడాల్సిందే. 1834లో, సుమారు 16 ఏళ్ల వయసులో, తర్వాత బానిసత్వ వ్యతిరేక నేతగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ తనను తరచూ చావబాదుతున్న ఎడ్వర్డ్ కోవీ అనే వ్యవసాయదారుడి మీద తిరగబడ్డాడు. బానిసగా ఉన్న తాను మనిషినైంది ఆ రోజేనని తర్వాత రాసుకున్నాడు. బానిసత్వం విషయంలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో దాదాపు 1,80,000 మంది నల్లజాతివారు ఉత్తరాది సైన్యంలో చేరడం వెనకా ఇదే ఉంది. తుపాకీ పట్టి, యూనిఫాం వేసుకున్నవాడికి పౌరసత్వం ఎలా కాదంటారన్నది డగ్లస్ వాదన.

ఈ చరిత్రలో ఒక ముడి ఉంది. తెల్లజాతి మధ్యతరగతి కుర్రాడికి మగతనం వయసుతో పాటు, ఉద్యోగంతో పాటు దానంతటదే వచ్చే హోదా. నల్లజాతి కుర్రాడికి అది అడిగి, పోరాడి, నిరూపించి తీసుకోవాల్సిన వస్తువుగా వారసత్వంలో వచ్చింది. ఎదిరించి నిలబడటం, గౌరవం పొందడం అతని దృష్టిలో ఒకటైపోవడానికి మూలం ఇక్కడుంది.

పన్నెండేళ్లకే పెద్దవాడు

ఒకప్పుడు పెద్దవాణ్ని పిల్లవాడన్నారు. ఇప్పుడు పిల్లవాణ్ని పెద్దవాడంటున్నారు. 2014 నవంబరు 22న ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లోని పార్కులో 12 ఏళ్ల టమీర్ రైస్ బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్నాడు. పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోపే ఒక అధికారి కాల్చాడు. తర్వాత రేడియోలో సమాచారం ఇస్తూ అధికారులు ఆ పిల్లవాడి వయసు 'బహుశా 20' అన్నారు. ఎవరి మీదా అభియోగాలు నమోదు కాలేదు.

దీన్ని ఒక్క అధికారి పొరపాటుగా తీసిపారేయలేం. మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ గాఫ్ బృందం 2014లోనే ప్రచురించిన పరిశోధనలో, పదేళ్లు దాటిన దగ్గర్నుంచి నల్లజాతి అబ్బాయిలను మిగతా పిల్లల కంటే తక్కువ అమాయకులుగా చూస్తున్నారని తేలింది. నేరానుమానం ఉన్న సందర్భంలో వారి వయసును సగటున నాలుగున్నర ఏళ్లు ఎక్కువగా అంచనా వేశారు. అంటే పదమూడున్నర ఏళ్ల పిల్లవాడు చూసేవారి కంటికి 18 ఏళ్ల మేజర్. ఇంకా వెనక్కి వెళ్తే, 1944లో దక్షిణ కరోలినా రాష్ట్రం 14 ఏళ్ల జార్జ్ స్టినీని విద్యుత్ కుర్చీలో చంపింది. విచారణ ఒక్క రోజులో ముగించారు. ఆ తీర్పు చెల్లదని కోర్టు ప్రకటించడానికి 70 ఏళ్లు పట్టింది.

బడిలో ఇదే చూపు రోజువారీగా పనిచేస్తుంది. 2013-14 విద్యా సంవత్సరంలో ప్రభుత్వ బడుల విద్యార్థుల్లో నల్లజాతి పిల్లలు 15.5 శాతం, సస్పెండైన వారిలో మాత్రం దాదాపు 39 శాతమని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2018లో తేల్చింది. పేద బడి, సంపన్న బడి అన్న తేడా లేకుండా అన్ని చోట్లా ఈ అంతరం కనిపించింది. యేల్ యూనివర్సిటీలో వాల్టర్ గిలియం బృందం చేసిన ప్రయోగం మరింత ఆలోచింపజేస్తుంది. నలుగురు చిన్నపిల్లల వీడియో చూపించి, అల్లరి ఎక్కడ మొదలవుతుందో గమనించమని ప్రీస్కూల్ టీచర్లకు చెప్పారు. నిజానికి ఆ వీడియోలో అల్లరి ఏమీ లేదు. టీచర్ల చూపు మాత్రం ఎక్కువసేపు నల్లజాతి అబ్బాయి మీదే నిలిచింది.

పిల్లవాడికి ఇదంతా తెలుస్తుంది. లెక్కల రూపంలో తెలియకపోయినా చూపుల రూపంలో తెలుస్తుంది. షాపులో వెంటపడే సెక్యూరిటీ గార్డు, తను ఎక్కగానే బ్యాగు దగ్గరికి లాక్కునే లిఫ్టులోని మహిళ అతనికి చెప్పేది ఒకటే: నువ్వు ప్రమాదకరమైన మగవాడివి. ఆ వయసులో పిల్లలు తామెవరో ఎదుటివారి కళ్లలో చూసి తెలుసుకుంటారు. ఈ అబ్బాయికి ఆ కళ్లలో కనిపించేది భయం. అందుకే నల్లజాతి ఇళ్లలో తల్లిదండ్రులు కొడుకును కూర్చోబెట్టి ఒక పాఠం చెబుతారు. అమెరికాలో దాన్ని 'ది టాక్' అంటారు. పోలీసు ఆపితే చేతులు కనపడేలా పెట్టు, జేబులోకి చెయ్యి పోనివ్వకు, గొంతు పెంచకు, 'సర్' అను, తప్పు నీది కాకపోయినా ఇంటికి ప్రాణాలతో రా. మగవాడంటే ఎవరికీ తలవంచనివాడని వీధి నేర్పుతుంటే, బతకాలంటే తలవంచమని ఇల్లు నేర్పాల్సి వస్తోంది. రెండూ ఒకే వారంలో ఒకే పిల్లవాడు వినే పాఠాలు.

రాయిలాంటి ముఖం ఎందుకు

నింపాదిగా ఊగుతూ నడవడం, ఏ భావమూ కనపడనివ్వని ముఖం, ఏం జరిగినా నాకేంటన్నట్టు నిలబడటం. మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేజర్స్ దీనికి 'కూల్ పోజ్' అని పేరు పెట్టారు. బయటివారికి అది పొగరుగా కనిపిస్తుంది. మేజర్స్ విశ్లేషణ ప్రకారం అది కవచం. ఉద్యోగం, డబ్బు, పలుకుబడి వంటి మామూలు దారుల్లో మగతనం చూపించుకునే అవకాశం లేనివాడికి తన చేతిలో మిగిలింది తన శరీరం, తన నడక, తన మాట. వాటి మీద పూర్తి అదుపు ఉందని చూపడమే అతని గౌరవం.

సమాజశాస్త్రవేత్త ఎలైజా ఆండర్సన్ 1990ల్లో ఫిలడెల్ఫియా వీధుల్లో ఏళ్ల తరబడి తిరిగి ఇంకో అడుగు ముందుకు వెళ్లారు. పోలీసు రక్షిస్తాడన్న నమ్మకం లేని చోట ఎవరి రక్షణ వారే చూసుకోవాలి. అలాంటి చోట 'వీడి జోలికి వెళ్తే ఊరుకోడు' అన్న పేరే అసలైన భద్రత. ఆ పేరును ప్రతిరోజూ కాపాడుకోవాలి. ఎవరైనా గుచ్చి చూస్తే, చెప్పులు తొక్కితే, అక్క గురించి మాటంటే వదిలేయడానికి లేదు. ఒకసారి వదిలేస్తే రేపు నలుగురు మీదపడతారు. బయటినుంచి చూసేవారికి షూ తొక్కినందుకు కాల్పులా అనిపిస్తుంది. ఆ వీధిలోని లెక్క ప్రకారం అక్కడ పణంగా ఉన్నది షూ కాదు.

ఆండర్సన్ చెప్పినవాటిలో ఎక్కువగా మరుగునపడిన విషయం ఇంకొకటుంది. ఆ పేటల్లోని కుటుంబాల్లో చాలావరకు పద్ధతిగా బతకాలనుకునేవే. ఉద్యోగం చేస్తూ, చర్చికి వెళ్తూ, పిల్లల్ని చదివించుకునేవే. ఆ ఇళ్ల పిల్లలు కూడా వీధి నియమాలు నేర్చుకోక తప్పదు, ఎందుకంటే బడికి వెళ్లే దారి ఆ వీధిలోంచే ఉంటుంది. గడప లోపల ఒక మనిషి, బయట ఇంకో మనిషి. ఈ మార్పిడిని రోజూ చేయగల పిల్లల తెలివిని, ఓర్పును వార్తలు ఎప్పుడూ లెక్కలోకి తీసుకోవు.

ఈ కవచానికి ఖరీదు ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త నియోబీ వే నగరాల్లోని నల్లజాతి, లాటినో, ఆసియా మూలాల అబ్బాయిలతో ఏళ్ల తరబడి మాట్లాడారు. పదమూడు పధ్నాలుగేళ్ల వయసులో వాళ్లు తమ ప్రాణస్నేహితుల గురించి ఎంత ప్రేమగా, ఎంత దాపరికం లేకుండా మాట్లాడారో చూస్తే అబ్బాయిలకు భావాలు ఉండవన్న అపోహ పటాపంచలవుతుంది. రహస్యాలు చెప్పుకోవడానికి ఒక్కడైనా ఉండాలని, లేకపోతే పిచ్చెక్కుతుందని వాళ్లే అన్నారు. మరో రెండు మూడేళ్లకు అదే పిల్లలు 'ఎవరినీ నమ్మను', 'నా పని నేను చూసుకుంటాను' అనసాగారు. దగ్గరితనం ఆడపిల్లల లక్షణమనీ, స్వలింగ సంపర్కుల లక్షణమనీ చుట్టూ ఉన్నవారు నేర్పేశారు. నల్లజాతి అబ్బాయిలకు దీనికి తోడు భయం కూడా ఉంటుంది. మార్గరెట్ బీల్ స్పెన్సర్ వంటి పరిశోధకులు చెప్పేది ఇదే: పైకి కనిపించే దూకుడు చాలాసార్లు లోపలి భయానికి ఇచ్చిన రూపం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 15 నుంచి 34 ఏళ్ల మధ్య నల్లజాతి పురుషుల మరణాలకు మొదటి కారణం హత్య. ఇంకో కోణం ఇటీవలే బయటపడింది. 5 నుంచి 12 ఏళ్ల నల్లజాతి పిల్లల్లో ఆత్మహత్యల రేటు తెల్లజాతి పిల్లల కంటే దాదాపు రెట్టింపని 2018లో ఒక అధ్యయనం చూపించింది. నల్లజాతివారిలో ఆత్మహత్యలు ఉండవన్న పాత నమ్మకం వల్ల చాలాకాలం ఎవరూ అటు చూడలేదు. బడిలో బాధతో మూలన కూర్చున్న పిల్లవాడిని కౌన్సెలర్ దగ్గరికి పంపుతారు. అదే బాధ కోపంగా బయటికి వస్తే ప్రిన్సిపల్ దగ్గరికి, అక్కడినుంచి పోలీసు దగ్గరికి పంపుతారు. కోపం ఒక్కటే చూపించదగ్గ భావమని నేర్చుకున్న పిల్లవాడికి రెండో దారే మిగులుతుంది.

సంపాదించేవాడే మగవాడైతే

నల్లజాతి పురుషులనే నేరుగా అడిగి చేసిన అధ్యయనాలు మనకున్న బొమ్మను తలకిందులు చేస్తాయి. ఆండ్రియా హంటర్, జేమ్స్ డేవిస్ 1990ల మొదట్లో న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటి సంభాషణలు జరిపారు. మగవాడంటే ఎవరన్న ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ముందున్నవి తన దారి తాను నిర్ణయించుకోవడం, చేసినదానికి జవాబు చెప్పడం. వాటి తర్వాత కుటుంబం, ఆత్మగౌరవం, ఆధ్యాత్మికత వచ్చాయి. 2005లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలోనూ అన్నిటికంటే ఎక్కువగా వినిపించింది బాధ్యతే. కండబలం, ఆడవారి మీద పెత్తనం ఎక్కడో అడుగున ఉన్నాయి. టీనేజీ కుర్రాళ్లు సైతం మగవాడు చేయాల్సిన పని చెప్పమంటే తల్లికి తోడుండటం, తమ్ముళ్లు చెల్లెళ్లకు దారి చూపడం, ఇంటి బిల్లులు కట్టడం గురించి మాట్లాడతారు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బాధ్యత మోయాలంటే చేతిలో పని ఉండాలి. 1940ల నుంచి 1970ల వరకు దక్షిణాది నుంచి షికాగో, డెట్రాయిట్ వెళ్లిన లక్షలాది నల్లజాతి కుటుంబాలకు ఉక్కు, కార్లు, మాంసం పరిశ్రమలు జీవితాన్నిచ్చాయి. పెద్ద చదువు లేని తండ్రి కూడా ఇల్లు కొన్నాడు, కొడుకు ముందు నిటారుగా నిలబడ్డాడు. షికాగోలో పశువుల యార్డులు 1971లో మూతపడ్డాయి. విస్కాన్సిన్ స్టీల్ 1980లో, సౌత్ వర్క్స్ ఉక్కు కర్మాగారం 1992లో ఆగిపోయాయి. తండ్రి పనిలోంచి కొడుకు పనిలోకి వెళ్లే దారి ఒక్క తరంలో తెగిపోయింది. సరిగ్గా అదే సమయంలో మాదకద్రవ్యాల మీద యుద్ధం మొదలైంది. 1986 చట్టం ప్రకారం, కొకైన్ నుంచి తయారుచేసి పొగగా పీల్చే క్రాక్ 5 గ్రాములు దొరికితే పడే కనీస శిక్ష, పొడి కొకైన్‌కు పడాలంటే 500 గ్రాములు దొరకాలి. క్రాక్ పేద నల్లజాతి పేటల్లో అమ్ముడయ్యేది. 1970ల చివర పుట్టి హైస్కూలు పూర్తిచేయని నల్లజాతి పురుషుల్లో మూడింట రెండు వంతుల మంది ముప్పై నాలుగేళ్లు నిండేలోపు జైలుకు వెళ్లారు.

జైలుకు వెళ్లనివారి మాటేమిటి? సమాజశాస్త్రవేత్త డెవా పేజర్ మిల్వాకీలో ఒకేలాంటి అర్హతలున్న యువకులను ఉద్యోగాలకు దరఖాస్తు చేయించారు. 2003లో వచ్చిన ఫలితం ఇది: జైలు చరిత్ర ఉన్న తెల్లజాతి యువకులకు 17 శాతం సార్లు పిలుపు వచ్చింది. ఏ మచ్చా లేని నల్లజాతి యువకులకు 14 శాతం. కష్టపడితే దొరుకుతుందని కొడుక్కి చెప్పే తల్లికి ఈ మూడు శాతం తేడా ఎంత బరువైందో ఊహించవచ్చు.

పని దారి మూసుకుపోయిన చోట సంపాదించేవాడు అనిపించుకునే మిగతా దారులు వెలిగిపోతాయి. బాస్కెట్‌బాల్, ర్యాప్, వీధి వ్యాపారం. మొదటి రెండింటిలో నెగ్గేవారు లక్షల్లో కొందరు, మూడోదానిలో ఆయుష్షు తక్కువ. అయినా పదిహేనేళ్ల పిల్లవాడి కంటికి తన పేటలో డబ్బు, పేరు ఉన్న నల్లజాతి మగవారు ఆ మూడు రకాలుగానే కనిపిస్తే అతని ఎంపికను మూర్ఖత్వం అనడం అన్యాయం.

తండ్రి ప్రశ్న

1965లో అమెరికా కార్మిక శాఖ అధికారి డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక నల్లజాతి కుటుంబం విచ్ఛిన్నమవుతోందని, తల్లి పెత్తనం అబ్బాయిలను దెబ్బతీస్తోందని చెప్పింది. అప్పట్లో నల్లజాతి శిశువుల్లో దాదాపు నాలుగో వంతు పెళ్లికాని తల్లులకు పుట్టేవారు. ఇప్పుడది 70 శాతం దగ్గర ఉంది. ఈ సంఖ్యను పట్టించుకోకపోవడం నిజాయితీ కాదు. ఇంట్లో ఇద్దరు సంపాదించేవారు, ఇద్దరు కనిపెట్టుకునేవారు ఉండటం ఏ పిల్లవాడికైనా మేలే.

అయితే పెళ్లి కాకపోవడం, తండ్రి లేకపోవడం ఒకటి కాదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2013లో ప్రచురించిన నివేదికలో పిల్లలతో కలిసి ఉంటున్న నల్లజాతి తండ్రులు స్నానం చేయించడం, తినిపించడం, హోంవర్క్ చేయించడం వంటి పనుల్లో మిగతా జాతుల తండ్రులతో సమానంగా, కొన్నింటిలో ఎక్కువగా పాల్గొంటున్నారు. వేరే ఇంట్లో ఉంటున్న తండ్రుల విషయంలోనూ దాదాపు ఇదే తేలింది.

ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2018లో దాదాపు రెండు కోట్ల మంది పిల్లల ఆదాయ వివరాలతో చేసిన అధ్యయనం ఈ చర్చను మలుపు తిప్పింది. ఒకే ఆదాయం ఉన్న ఇళ్లలో పుట్టిన తెల్లజాతి, నల్లజాతి అమ్మాయిలు పెద్దయ్యాక దాదాపు సమానంగా సంపాదిస్తున్నారు. అబ్బాయిల మధ్య మాత్రం పెద్ద అగాధం. అమెరికాలోని 99 శాతం ప్రాంతాల్లో, ఒకే ఆదాయంతో ఒకే పరిసరాల్లో పెరిగినా నల్లజాతి అబ్బాయి వెనకబడ్డాడు. ఇంట్లో ఇద్దరు తల్లిదండ్రులున్నా అంతే. కుటుంబ నిర్మాణమే మొత్తం కారణమైతే ఒకే ఇంట్లో పెరిగిన అక్క నిలదొక్కుకుని తమ్ముడు ఎందుకు పడిపోతాడు?

ఆ అధ్యయనంలోనే ఒక వెలుగు ఉంది. పేదరికం తక్కువగా ఉండి, తెల్లజాతివారిలో జాతి పక్షపాతం తక్కువగా ఉండి, నల్లజాతి తండ్రులు ఎక్కువగా కనిపించే పేటల్లో నల్లజాతి అబ్బాయిలు మెరుగ్గా ఎదిగారు. సొంత తండ్రి ఇంట్లో లేని అబ్బాయికి కూడా ఆ మేలు అందింది. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని పనికి వెళ్లే ఎదురింటాయన, ఆదివారం బేస్‌బాల్ నేర్పే పక్కవీధి పెద్దాయన కూడా పిల్లవాడికి మగవాడంటే ఎలా ఉంటాడో చూపిస్తారు. అంటే ఒక మనిషి జైలుకు వెళ్తే నష్టపోయేది అతని కొడుకు ఒక్కడే కాదు, ఆ వీధిలోని అబ్బాయిలందరూ.

నేర్పేవారెవరు

బానిసత్వం ముగిసిన తర్వాత నుంచీ నల్లజాతి సమాజం ఈ పనికి తన సంస్థలను తానే కట్టుకుంది. డీకన్లనే చర్చి పెద్దలు, బార్బర్ షాపులో శనివారం చర్చలు, ఫుట్‌బాల్ కోచ్‌లు, 1867లో జార్జియాలోని అగస్టాలో మొదలై, తర్వాత అట్లాంటాకు మారి, కింగ్ వంటివారిని తయారుచేసిన మోర్‌హౌస్ పురుషుల కళాశాల. వీటన్నిటికంటే ముందు అమ్మమ్మ, నాయనమ్మ. మగవాడిగా ఉండటం నేర్పింది మా అమ్మమ్మే అని చెప్పే నల్లజాతి పురుషులకు లెక్కలేదు. 1970ల నుంచి ఆఫ్రికా సంప్రదాయాల స్ఫూర్తితో అబ్బాయిలకు యుక్తవయసు దీక్షలు కూడా మొదలయ్యాయి. కొన్ని నెలలపాటు పెద్దల దగ్గర చరిత్ర, క్రమశిక్షణ, సేవ నేర్చుకుని, చివర్లో అందరి ముందు కొత్త పేరు తీసుకుంటారు.

బడిలో మాత్రం లోటు చాలా పెద్దది. 1954లో బడుల్లో జాతివేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, దక్షిణాదిలో నల్లజాతి బడులను మూసేసి వేలాది నల్లజాతి టీచర్లను ఇంటికి పంపారు. ఆ లోటు ఇప్పటికీ పూడలేదు. నేడు టీచర్లలో నల్లజాతి పురుషులు నూటికి ఇద్దరు కూడా లేరు. నార్త్ కరోలినా లెక్కలతో సేత్ గెర్షెన్‌సన్ బృందం 2017లో చేసిన అధ్యయనం ప్రకారం, మూడు నుంచి ఐదో తరగతి మధ్య ఒక్క నల్లజాతి టీచర్ దగ్గర చదువుకున్నా, బాగా పేద నల్లజాతి అబ్బాయిలు హైస్కూలు మానేసే అవకాశం 39 శాతం తగ్గింది.

పిడికిలి ఆట

షికాగోలో 2001లో మొదలై, బడి అబ్బాయిలతో కౌన్సెలర్లు నడిపే 'బికమింగ్ ఎ మ్యాన్' కార్యక్రమంలో మొదటి రోజుల్లోనే ఒక ఆట ఆడిస్తారు. ఇద్దరు అబ్బాయిల్లో ఒకరి చేతికి బంతి ఇచ్చి, 30 సెకన్లలో దాన్ని తీసుకోమని రెండోవాడికి చెబుతారు. వెంటనే పిడికిలి విప్పడానికి లాగులాట, తోపులాట. సమయం ముగిశాక కౌన్సెలర్ అడుగుతాడు: బంతి ఇవ్వమని అడిగావా? 'అడిగితే పిరికివాడు అనుకునేవాడు' అని వస్తుంది జవాబు. ఆ తర్వాత బంతి పట్టుకున్నవాడిని అడిగితే, అడిగి ఉంటే బహుశా ఇచ్చేవాణ్నే, అది ఉత్త బంతే కదా అంటాడు.

ఈ ఆటలో ఉన్న కిటుకు ఏమిటంటే, అది పిల్లల నియమాలను తప్పు పట్టదు. వీధిలో తిరగబడటం అవసరమయ్యే సందర్భాలున్నాయని ఒప్పుకుంటుంది. ఏ సందర్భంలో ఉన్నావో చూసుకోవడానికి ఒక్క క్షణం ఆగమంటుంది. టీచర్ మందలింపు, ప్రత్యర్థి సవాలు రెండూ ఒకటి కావు. అలవాటైన చేతికి మాత్రం రెండూ ఒకేలా తోస్తాయి. లాటరీ తీసి కొందరిని చేర్చుకుని, మిగతావారితో పోల్చి చూస్తూ షికాగో యూనివర్సిటీ చేసిన అధ్యయనాల్లో కార్యక్రమం నడిచిన కాలంలో హింసాత్మక నేరాలకు అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి, సకాలంలో హైస్కూలు పూర్తిచేసేవారు 12 నుంచి 19 శాతం పెరిగారు. తర్వాత పెద్ద ఎత్తున విస్తరించినప్పుడు ఫలితాలు అంత బలంగా రాలేదు. అంటే పాఠ్యప్రణాళికను కాపీ చేయగలిగినంత తేలిగ్గా మంచి కౌన్సెలర్‌ను కాపీ చేయలేం.

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ దారి వేరు. 2010లో అక్కడి విద్యాశాఖ నల్లజాతి అబ్బాయిల కోసం ప్రత్యేక విభాగం పెట్టి, నల్లజాతి పురుషులే టీచర్లుగా, బడి టైంటేబుల్లోనే రోజువారీ తరగతి నడిపింది. షికాగోది కోపాన్ని అదుపు చేసే సాధన అయితే, ఓక్లాండ్‌ది నువ్వెవరో, నీ వెనక ఏ చరిత్ర ఉందో చెప్పే పాఠం. థామస్ డీ, ఎమిలీ పెనర్ అధ్యయనంలో చదువు మానేసే నల్లజాతి అబ్బాయిల సంఖ్య 43 శాతం తగ్గినట్టు తేలింది. నల్లజాతి అమ్మాయిల్లోనూ కొంత తగ్గుదల కనిపించింది.

వీటి మీద విమర్శలూ ఉన్నాయి, అవి తీసిపారేయదగ్గవి కాదు. అబ్బాయిలకే ప్రత్యేక నిధులు ఇస్తే అదే బడిలో అవే శిక్షలు ఎదుర్కొంటున్న నల్లజాతి అమ్మాయిల సంగతేమిటని కింబర్లీ క్రెన్‌షా వంటి న్యాయ పండితులు నిలదీశారు. 'నిజమైన మగవాడు' అన్న మూసలో స్వలింగ సంపర్కులైన అబ్బాయిలకు చోటెక్కడని మరికొందరు అడిగారు. అన్నిటికంటే లోతైన విమర్శ వేరే ఉంది. టై కట్టుకుని, మర్యాదగా మాట్లాడితే సమస్య తీరుతుందనడం నేరాన్ని పిల్లవాడి మీదే మోపుతుంది. టమీర్ రైస్ మర్యాద తప్పి ప్రవర్తించింది లేదు.

అందరూ ఒకే మూసలో లేరు

ఇంతవరకూ చెప్పింది ఎక్కువగా పెద్ద నగరాల పేద పేటల గురించి, ఎందుకంటే పరిశోధనలు ఎక్కువగా అక్కడే జరిగాయి. అదొక లోపం. అట్లాంటా శివార్లలోని డాక్టరు కొడుకు, మిసిసిపీ పల్లెలోని రైతు కొడుకు, హూస్టన్‌లోని నైజీరియా కుటుంబపు అబ్బాయి మగతనాన్ని ఒకేలా అర్థం చేసుకోరు. అమెరికాలోని నల్లజాతివారిలో ప్రతి పదిమందిలో ఒకరు వలస వచ్చినవారు. లైబీరియా మూలాలున్న రాల్ఫ్ యార్ల్ అనే 16 ఏళ్ల కుర్రాడు 2023 ఏప్రిల్‌లో కాన్సస్ సిటీలో తమ్ముళ్లను తీసుకురావడానికి వెళ్లి పొరపాటున వేరే ఇంటి బెల్లు కొట్టాడు. ఆ ఇంటి యజమాని కాల్చాడు. పిల్లవాడు బతికాడు. బాగా చదివేవాడు, వాయిద్యాలు నేర్చినవాడు. తలుపు వెనకున్న మనిషికి అవేవీ కనపడలేదు.

టెక్సస్, జార్జియా, ఇల్లినాయ్, న్యూజెర్సీల్లోని తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. కొత్తగా వెళ్లిన విద్యార్థికి సీనియర్లు చెప్పే మొదటి జాగ్రత్తల్లో 'నల్లోళ్ల ఏరియాకు వెళ్లొద్దు' అన్నది ఒకటి. దోపిడీల్లో తెలుగు పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి కాబట్టి ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ ఒక ప్రాంతం గురించిన జాగ్రత్త ఒక రంగు గురించిన అనుమానంగా మారినప్పుడు, మన పిల్లల పక్క బెంచీలో కూర్చున్న పదమూడేళ్ల అబ్బాయి మీద పడే చూపుల్లో మన చూపు కూడా చేరుతుంది.

ఇప్పుడేం జరగవచ్చు

కొన్ని సూచికలు మంచి దిశలో ఉన్నాయి. 2000 తర్వాత నల్లజాతి పురుషుల జైలు రేటు గణనీయంగా తగ్గింది. క్రాక్ శిక్షల అసమానతను 2010 చట్టం వందకు ఒకటి నుంచి పద్దెనిమిదికి ఒకటికి దించింది. పేద కుటుంబాల్లో పుట్టిన నల్లజాతి, తెల్లజాతి పిల్లల ఆదాయాల మధ్య తేడా 1978లో పుట్టినవారితో పోలిస్తే 1992లో పుట్టినవారిలో 30 శాతం తగ్గిందని చెట్టి బృందమే 2024లో చెప్పింది. చుట్టూ ఉన్న పెద్దలకు పని దొరికిన చోట పిల్లలూ ముందుకొచ్చారన్నది అందులో ముఖ్యమైన అంశం. ఇంకోవైపు, జాతివేర్పాటు కాలంలో నల్లజాతివారి కోసం పెట్టిన చారిత్రక కళాశాలల విద్యార్థుల్లో నల్లజాతి పురుషుల వాటా 1976లో 38 శాతం ఉంటే 2022 నాటికి 26 శాతానికి పడిపోయింది.

విధానాలు మాత్రం ఊగిసలాడుతున్నాయి. శిక్షల్లో జాతి అంతరం తగ్గించాలంటూ ఒబామా ప్రభుత్వం 2014లో బడులకు మార్గదర్శకాలిచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో షికాగో కార్యక్రమం స్ఫూర్తితో 'మై బ్రదర్స్ కీపర్' మొదలుపెట్టింది. ఆ మార్గదర్శకాలను 2018 డిసెంబరులో ట్రంప్ ప్రభుత్వం రద్దు చేసింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కార్యనిర్వాహక ఉత్తర్వు బడి శిక్షల్లో జాతిని లెక్కలోకి తీసుకునే పద్ధతులను వదిలేయమంది. అదే నెలలో వీధి హింసను తగ్గించే స్థానిక సంస్థలకు న్యాయశాఖ ఇస్తున్న గ్రాంట్లలో చాలా ఆగిపోయాయి. ఆ గ్రాంట్ల మీద జీతం తీసుకునేవారిలో చాలామంది ఒకప్పుడు జైలుకు వెళ్లొచ్చి, ఇప్పుడు గొడవ ముదరకముందే కుర్రాళ్ల మధ్యకు వెళ్లి నిలబడుతున్న నల్లజాతి పురుషులే. వాళ్లు ఆ వీధుల్లో లేకపోతే ఏమవుతుందో వచ్చే రెండు మూడు వేసవుల లెక్కల్లో తెలుస్తుంది. అమెరికా నగరాల్లో కాల్పులు ఎక్కువగా పెరిగేది బడులు మూసే ఆ నెలల్లోనే.